బల్లిగారికి కీచురాళ్ల విందు!

మంగంపేట అనగానే ముగ్గురాయి గనులే గుర్తొస్తాయి. కానీ చుట్టుపక్కల తోటల్లో పొద్దుగూకితే కీచురాళ్ల రొద! మనకు అది చికాకే... పురుగులు తినే బల్లులకు మాత్రం భోజనాల గంట.

విదేశీ బల్లుల్ని ముచ్చటపడి పెంచేవాళ్లు ఈ విందును ఇంట్లోనే సిద్ధం చేసుకుంటారు. ప్లాస్టిక్ డబ్బా, మూతకు సన్నటి ఇనుప జాలీ, లోపల కోడిగుడ్ల అట్టలు. అంతే, ఇల్లు రెడీ! తిండికి తవుడు, క్యారెట్ ముక్కలు. నీళ్ల గిన్నె పెడితే పిల్లలు మునిగి చస్తాయి, తడి దూది చాలు. తడి ఇసుకలో పెట్టిన గుడ్లు 30 డిగ్రీల వేడిలో సుమారు రెండు వారాల్లో పొదుగుతాయి. సీమ ఎండలకు హీటరెందుకు?

అసలు కిటుకు వేరే ఉంది. కీచురాయిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఉత్తవే మేపితే బల్లి ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. అందుకే ముందురోజు వాటికి ఆకుకూరలు దండిగా పెట్టి, కాల్షియం పొడి అద్ది వేయాలి. మిగిలినవి తీసేయాలి. లేదంటే రాత్రికి అవే బల్లిని కొరుకుతాయి! మందు కొట్టిన తోటల్లో పట్టిన పురుగులు అసలే వద్దు.

శేషాచలం కొండల బంగారు బల్లిపై మాత్రం కన్నేయకండి. 1870లో బెడ్డోమ్ లోకానికి తెలిపిన ఈ అరుదైన జీవిని పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దాని విందు కొండల్లోనే ఉంది!