పుస్తకం మనది, అంగడి ఎవరిది?

ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న అంబేడ్కర్ విగ్రహాల దగ్గర పుస్తకాల స్టాళ్లు వెలుస్తాయి. మర్నాటికి మిగిలిన పుస్తకాలు అట్టపెట్టెల్లోకి చేరతాయి. దళిత సాహిత్యం వేసే చిన్న ప్రచురణకర్తలకు అచ్చు వేయడం కన్నా అమ్ముకోవడమే పెద్ద కష్టం. షాపుకిస్తే ధరలో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కమిషన్ పోతుంది. పెద్ద ఆన్‌లైన్ సంస్థల్లో పెడితే కమిషన్‌తో పాటు పాఠకుడితో సంబంధమూ పోతుంది. కొన్నవాళ్లకు రేపు మరో పుస్తకం వచ్చిందని చెప్పే దారి మన చేతిలో ఉండదు. సంస్థ మన ఖాతా ఆపేస్తే అంగడి మూతపడినట్టే.

ఈ అనుభవం మనకు కొత్త కాదు. 1920లో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బు కడతామన్నా 'కేసరి' పత్రిక దాని ప్రకటన వేసుకోలేదు. పరాయి వేదిక మీద మనకు చోటివ్వడం ఎప్పుడూ వాళ్ల ఇష్టమే. ఓపెన్ సోర్స్ ఆన్‌లైన్ అంగడిని మేం ఈ కోణంలోనే చూస్తున్నాం.

ఎలా పనిచేస్తుంది?

వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్ 2011లో వచ్చింది. దాని జీపీఎల్ లైసెన్సు ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చదవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. పుస్తకాల జాబితా, బుట్ట, ఆర్డర్లు, స్టాకు లెక్క అన్నీ అందులోనే ఉంటాయి. హోస్టింగ్ సంస్థ నచ్చకపోతే అంగడి మొత్తాన్ని మూటగట్టుకుని వేరే చోటికి మారవచ్చు.

అయితే సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ అంగడి ఉచితం కాదు. డొమైన్‌కు, హోస్టింగ్‌కు కలిపి ఏడాదికి కొన్ని వేల రూపాయలవుతాయి. పేమెంట్ గేట్‌వే ప్రతి చెల్లింపు మీద సాధారణంగా 2 శాతం చుట్టూ రుసుము, ఆ రుసుము మీద జీఎస్టీ తీసుకుంటుంది. అంటే 200 రూపాయల పుస్తకం మీద షాపు కమిషన్ 66 రూపాయలకు పైగా పోయే చోట, ఇక్కడ పోయేది దాదాపు 5 రూపాయలు. పోస్టు, ప్యాకింగ్ ఖర్చు వేరు. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. టీ షర్టులు, డైరీలు కూడా పెడితే లెక్క మారుతుంది.

తెలుగు పుస్తకాలకు ఇంకో చిక్కుంది. చాలా పుస్తకాలు అను ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫైలు నుంచి పేరు కాపీ చేస్తే వెబ్‌లో అర్థం లేని అక్షరాలొస్తాయి, గూగుల్‌లో దొరకవు. పుస్తకం పేరు, రచయిత పేరు, వెనక అట్ట మీది మాటలు యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయాలి. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు కాబట్టి పేర్లు అలా కూడా రాయాలి.

లాభం కమిషన్ మిగలడమే కాదు

ఏ పుస్తకం ఏ జిల్లాకు ఎక్కువ పోతోందో అంగడి లెక్కల్లో కనిపిస్తుంది. పునర్ముద్రణ వెయ్యి కాపీలా, మూడొందలా అన్నది ఊహ మీద కాక లెక్క మీద తేల్చుకోవచ్చు. అచ్చుకు ముందే ఆర్డర్లు తీసుకుని ఆ డబ్బుతోనే ప్రెస్ బిల్లులో కొంత కట్టవచ్చు. అప్పు తెచ్చి పుస్తకం వేసేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

కానీ అదే లెక్కలో ప్రమాదమూ ఉంది. కుల నిర్మూలన పుస్తకాలు ఎవరు కొన్నారు, వాళ్ల ఇల్లెక్కడ, ఫోన్ నంబరేమిటి అన్న జాబితా మన చేతిలో ఉంటుంది. ఊళ్లో ఉండే ఒక పాఠకుడికి ఆ వివరం బయటపడితే ముప్పే. అందుకే అవసరానికి మించి వివరాలు అడగకూడదు, పాత ఆర్డర్ల చిరునామాలు తీసేయాలి, పాస్‌వర్డు నలుగురికీ పంచకూడదు. అప్‌డేట్లు, బ్యాకప్ వాయిదా వేయకూడదు. సొంత అంగడి అంటే ఈ బాధ్యత కూడా సొంతమే.

ఈ పని చేసేదెవరు? యూనివర్సిటీల్లో కంప్యూటర్ చదువుతున్న మన విద్యార్థులున్నారు. నలుగురైదుగురు ప్రచురణకర్తలు కలిసి ఒకే అంగడి పెట్టుకుంటే హోస్టింగ్ ఖర్చు పంచుకోవచ్చు, నిర్వహించే విద్యార్థికి నెలకింత ఇవ్వచ్చు. ఆ శ్రమను ఉద్యమ సేవ పేరుతో ఉచితంగా వాడుకోవద్దు. ఒకరు తయారుచేసిన తెలుగు అమరికను మరో జిల్లా మిత్రులు అలాగే తీసుకోవచ్చు, లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. ముందుగా ఇరవై పుస్తకాలతో మొదలుపెట్టి, ఆర్డర్లు సమయానికి పంపగలుగుతున్నామా అని చూసుకున్నాక మిగతావి పెంచుకోవచ్చు.