పండిత రమాబాయిని మార్చింది కరువేనా?

చర్చిలో సాక్ష్యాలు చెప్పుకొనే సమయానికి ఒక అలవాటైన నడక ఉంటుంది. ముందు జబ్బో, అప్పో, ఇంట్లో చావో. తర్వాత ప్రార్థన. ఆ తర్వాత మేలు. వినేవాళ్లకు ముగింపు ముందే తెలిసిపోతుంది. శ్రమలు మనిషిని దేవుడికి దగ్గర చేస్తాయన్న మాట క్రైస్తవంలో ఎంత పాతదో అంత అరిగిపోయింది కూడా. భర్త చేతిలో దెబ్బలు తింటున్న భార్యకు 'ఇది నీ సిలువ, మోసుకో' అని నచ్చజెప్పడానికీ ఈ మాటే పనికొస్తోంది. అందుకే దాన్ని తరచి చూడటానికి, అంత తేలిగ్గా సాక్ష్యంలో ఇమడని జీవితం ఒకటి కావాలి. పండిత రమాబాయి (1858-1922) జీవితం అలాంటిది.

ముందుగా బైబిల్ ఏమంటుందో చూద్దాం. రోమా పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు ఒక వరస చెబుతాడు: శ్రమ వల్ల ఓర్పు, ఓర్పు వల్ల పరీక్షకు నిలిచిన స్వభావం, దానివల్ల నిరీక్షణ. యాకోబు పత్రిక మొదట్లోనూ దాదాపు ఇదే ఉంది. అయితే శ్రమ మంచిదని పౌలు ఎక్కడా అనలేదు. తన శరీరంలో ఒక ముల్లు ఉందని, దాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నానని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఆయనే చెప్పుకున్నాడు. ముల్లు పోలేదు. గెత్సేమనేలో యేసు కూడా ఆ గిన్నె తప్పిపోవాలనే ముందు అడిగాడు. యోబు గ్రంథం ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. యోబు కష్టాలకు కారణాలు వివరించిన స్నేహితుల మీదే చివర్లో దేవుడికి కోపం వస్తుంది, దేవుణ్ణి నిలదీసిన యోబు మీద కాదు. కష్టానికి అర్థం చెప్పేవాళ్లు ఈ గ్రంథాన్ని ఎంత తరచుగా చదువుతారో గాని, ఈ సంగతి మాత్రం ప్రసంగాల్లో పెద్దగా వినపడదు.

రమాబాయి తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే చిత్పావన్ బ్రాహ్మణుడు. ఆడవాళ్లకు సంస్కృతం నేర్పకూడదన్న కట్టుబాటును కాదని భార్యకూ కూతురికీ నేర్పాడు. ఆ కుటుంబం తీర్థయాత్రలు చేస్తూ, పురాణాలు చెప్పుకుంటూ దేశమంతా తిరిగేది. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు వచ్చినప్పుడు చేతిలో ఉన్నదంతా కరిగిపోయింది. నెలల వ్యవధిలో తండ్రి, తల్లి, అక్క ఒకరి తర్వాత ఒకరు పోయారు. అప్పటికి రమాబాయికి పదహారేళ్లు.

ఆ రోజుల గురించి ఆమె తర్వాత రాసిన జ్ఞాపకాల్లో భక్తి పెరిగిన జాడ లేదు. ఉపవాసాలు చేశారు, పూజలు చేశారు, దానాలు ఇచ్చారు. ఆకలి మాత్రం తీరలేదు. పండితుల కుటుంబం కనుక కూలికి వెళ్లడానికి వచ్చేది కాదు, చెయ్యి చాచడానికి సిగ్గు. ఆ కులగౌరవం తమనెంత నిస్సహాయుల్ని చేసిందో ఆమె మొహమాటం లేకుండా రాసింది. అంటే కరువు ఆమెకు ఏ విశ్వాసాన్నీ ఇవ్వలేదు, ఉన్నదాన్నే తీసుకుపోయింది.

మిగిలిన అన్నతో కలిసి ఉత్తరాది అంతా నడిచి కలకత్తా చేరింది. 1878లో అక్కడి పండితులు ఆమె సంస్కృత పాండిత్యానికి అబ్బురపడి 'పండిత', 'సరస్వతి' బిరుదులు ఇచ్చారు. 1880లో అన్న పోయాడు. అదే ఏడాది కులం కాని బెంగాలీ లాయరు బిపిన్ బిహారీ మేధావిని పెళ్లాడింది. రెండేళ్లు తిరక్కముందే కలరాతో ఆయనా పోయాడు. ఇరవై మూడేళ్లకే వితంతువు, ఒళ్లో పసిపిల్ల మనోరమ. భర్త పుస్తకాల మధ్య దొరికిన బెంగాలీ లూకా సువార్తను ఆమె అప్పటికే చదివి ఉంది, కానీ క్రైస్తవురాలు కాలేదు.

వైద్యం చదవాలని 1883లో ఇంగ్లండ్ వెళ్లింది. వినికిడి లోపం వల్ల ఆ చదువు కుదరలేదు. వెంట వచ్చిన స్నేహితురాలు అక్కడే ఆత్మహత్య చేసుకుంది. ఇన్ని దెబ్బల తర్వాత ఓదార్పు కోసం మతం మారిందని అనుకోవడం తేలిక. ఆమె చెప్పిన కారణం వేరు. లండన్‌లోని ఫుల్హమ్‌లో, సమాజం 'చెడిపోయినవాళ్లు' అని వెలివేసిన స్త్రీలను ఆదరించే ఆశ్రమాన్ని ఆమె చూసింది. ఎందుకు ఇలా చేస్తున్నారని అడిగితే, యేసు సమరయ స్త్రీతో మాట్లాడిన ఘట్టాన్ని ఒక సన్యాసిని ఆమెకు చదివి వినిపించింది. తన బాధకు జవాబు కన్నా, పరాయి ఆడవాళ్ల బాధను పట్టించుకున్న మనుషులు ఆమెను కదిలించారు. ఆ ఏడాది సెప్టెంబరులో బాప్తిస్మం తీసుకుంది.

అక్కడితో కథ సుఖాంతం కాలేదు. తనకు బాప్తిస్మం ఇప్పించిన ఆంగ్లికన్ సన్యాసినులతోనే త్రిత్వం వంటి సిద్ధాంతాల మీద ఉత్తరాల్లో వాదించింది. ఎవరో చెప్పారని దేన్నీ ఒప్పుకోలేదు. అప్పట్లో తనకు క్రైస్తవ మతం దొరికింది గాని క్రీస్తు దొరకలేదని, అందుకు మరో ఎనిమిదేళ్లు పట్టిందని తర్వాత రాసుకుంది. ఎదుగుదల అన్నది ఇంత నెమ్మదిగా, ఇన్ని వాదాల మధ్య జరిగే పని అని ఒప్పుకునే సాక్ష్యాలు అరుదు.

1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచి, తర్వాత దాన్ని పుణెకు మార్చింది. పిల్లల్ని మతం మారుస్తోందన్న ఆరోపణ రావడంతో 1893లో రానడే వంటి సంస్కర్తలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. పలువురు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోయారు. మూడేళ్లకు మళ్లీ కరువు. ఈసారి మధ్య పరగణాలలో. తాను ఆకలితో తిరిగిన రోజులు గుర్తుకొచ్చి రమాబాయి ఇంట్లో కూర్చోలేకపోయింది. స్వయంగా వెళ్లి, దిక్కులేని ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. పుణె దగ్గరి కేడ్‌గావ్‌లో పొలం మధ్య వెలసిన ఆ ఆశ్రమమే ముక్తి మిషన్. 1900 నాటికి అక్కడ దాదాపు రెండు వేల మంది ఉన్నారు. చదువుతో పాటు వ్యవసాయం, నేత, వంట, అచ్చుపని నేర్పేవారు. చేతిపని తెలియక, చెయ్యి చాచలేక తనవాళ్లు పోయిన సంగతి తెలిసినవారికి ఆ పాఠాలు ఎక్కడినుంచి వచ్చాయో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆకలితో వచ్చిన పిల్లకు అన్నం పెట్టి, ఆ గూటిలోనే మతం నేర్పితే అది స్వేచ్ఛగా ఎంచుకున్నదవుతుందా? ఆనాటి విమర్శకులు అడిగారు, ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నే. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఒంగోలులోనూ ఇదే ప్రశ్న. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. సాయం కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. క్లౌ పాటించిన ఆ ఎడం ముక్తిలో సాధ్యం కాలేదు. అక్కడి పిల్లలకు వెళ్లడానికి వేరే ఇల్లు లేదు. 1905లో ముక్తిలో మొదలైన ఉజ్జీవాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఈ సంగతిని దాటేస్తారు. కేవలం ప్రలోభమని కొట్టిపారేసేవాళ్లు, ఆ పిల్లలు ఎలాంటి చావు నుంచి బయటపడ్డారో దాటేస్తారు.

చివరి పదిహేనేళ్లు రమాబాయి హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను మామూలు ఆడవాళ్లకు అర్థమయ్యే మరాఠీలోకి తెచ్చే పనిలో గడిపింది. చెవుడు బాగా ముదిరింది. తన తర్వాత ముక్తిని నడుపుతుందనుకున్న మనోరమ 1921లో తల్లి కన్నా ముందే పోయింది. దాని వెనక దేవుడి ఉద్దేశం ఇదీ అని ఎవరైనా వివరించబోతే యోబు స్నేహితుల పక్కన కూర్చోవాల్సిందే. రమాబాయి ప్రూఫులు దిద్దుతూనే ఉంది. 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది. ఆ మరాఠీ బైబిల్ ఆమె పోయాక, ముక్తి ఆడపిల్లలు నడిపిన అచ్చుయంత్రం మీదే బయటికొచ్చింది.