నెలలు నిండని కాన్పు: జన్యువుల వాటా ఎంత?

‘మీ అమ్మక్కూడా ఇలాగే ముందే కాన్పయ్యిందా?’ ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చిన కోడల్ని అత్తగారు అడిగే ప్రశ్న ఇది. డాక్టరమ్మ కూడా ఇదే అడుగుతుంది. కాకపోతే ఆమె జాగ్రత్త కోసం అడుగుతుంది, ఇంట్లో నింద వేయడానికి అడుగుతారు.

37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని కాన్పే. 2020లో మన దేశంలో ఇలా పుట్టిన పిల్లలు దాదాపు 30 లక్షలు. ప్రపంచంలో ఇదే ఎక్కువ. కవలల మీద చేసిన పరిశోధనలు ఈ ముప్పులో జన్యువుల వాటా 25 నుంచి 40 శాతం దాకా ఉండొచ్చంటున్నాయి. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్క, ఫలానా అమ్మాయికి ఇంత అని చెప్పేది కాదు. ఇన్ఫెక్షన్లు, బీపీ, రక్తహీనత, కాన్పుల మధ్య ఎడం లేకపోవడం... ఇవన్నీ ఉండనే ఉన్నాయి.

2017లో అమెరికా, ఐరోపా పరిశోధకులు 43,568 మంది తల్లుల జన్యువుల్ని జల్లెడ పట్టారు. గర్భం ఎన్నాళ్లు నిలుస్తుందన్నదానితో ముడిపడిన జన్యు భాగాలు ఆరు దొరికాయి. వాటిలో ఒకదానికి పని సెలీనియంతో! గుడ్లు, చేపల్లో కొద్దిగా ఉండే ఖనిజమది. అంటే ఈ కథలో జన్యువుతో పాటు తిండికీ చోటుండొచ్చు. అలాగని మాత్రలు కొనేయకండి, సెలీనియం ఎక్కువైతే విషమే.

తిండి, జన్యువు... ఈ రెండిటి మీదా పనిచేసేవాళ్లు హైదరాబాద్‌లో ఇరుగుపొరుగే. తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా క్యాంపస్ వైపు వెళ్తే దారిలోనే జాతీయ పోషకాహార సంస్థ. క్యాంపస్‌లో జన్యుశాస్త్ర విభాగం. హబ్సిగూడ వైపు తిరిగితే సీసీఎంబీ. (యూనివర్సిటీ, పోషకాహార సంస్థ రెండూ 1918లోనే మొదలయ్యాయి. సంస్థ మాత్రం కూనూరులో పుట్టి 1958లో ఇక్కడికొచ్చింది.)

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ 43 వేల మందీ ఐరోపా సంతతివాళ్లు. మనకది సరిపోతుందా? 2009లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్ అమెరికా పరిశోధకులతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువుల్ని పరిశీలించారు. తరతరాలుగా సొంతవాళ్లలోనే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల మన సమూహాల మధ్య జన్యు తేడాలు ఐరోపాలో కంటే ఎక్కువని తేల్చారు. అందుకే మన తల్లుల్ని మనమే పరీక్షించుకోవాలి. గురుగ్రామ్‌లో ‘గర్భిణి’ అధ్యయనం 2015లో ఆ పని మొదలుపెట్టింది.

ముందే కాన్పవుతుందని కచ్చితంగా చెప్పే జన్యు పరీక్ష ఇప్పటికైతే లేదు. అందుకే మొదటి చెకప్‌లోనే రెండు విషయాలు దాచకుండా చెప్పండి: ఇంతకుముందు మీకు నెలలు నిండని కాన్పు అయ్యిందా, మీరే నెలలు నిండకుండా పుట్టారా అని. అవసరమనుకుంటే డాక్టరు స్కాన్‌లో గర్భాశయ ముఖద్వారం పొడవు చూస్తారు. అది పొట్టిగా ఉంటే ప్రొజెస్టెరాన్ ఇస్తారు.