అడవిపెట్ట మాట, వేటగాడి చెవి

నా కోడీ, నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని అనుకుందట వెనకటికి ఒక ముసలమ్మ. ఆ సామెతలో ఉన్న కోడి పుంజు. మన సామెతల్లోనూ, తెల్లవారుజామున మన చెవుల్లోనూ పుంజుదే పెత్తనం. కానీ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మాట్లాడేది పెట్ట. దాని మాటలు ఎన్ని రకాలు, వాటిని వేటగాళ్లు ఎలా వాడుకున్నారు, ఇప్పుడు మనం ఎలా వాడుకోవాలి అన్నది ఈనాటి మన ముచ్చట.

మా గోసాని నువాగాం బరంపురంలో కలిసిపోయిన పేటే అయినా, ఇప్పటికీ కొన్ని పెరళ్లలో నాటుకోళ్లు తిరుగుతుంటాయి. వాటి పూర్వీకులు మనకు దూరంగా లేరు. పడమటి వైపు తప్తపాణి దారిలో కొండలు మొదలవుతాయి. మహేంద్రగిరి దాకా సాగే ఈ తూర్పు కనుమల అడవుల్లో ఎర్ర అడవికోడి ఉంది. ఒడియాలో దాన్ని బణ కుకుడా అంటారు. ఇది ఎక్కువగా గోదావరికి ఉత్తరాన, తూర్పు భారతంలోనూ, హిమాలయాల పాదాల దగ్గరా కనిపిస్తుంది. దక్షిణాదికి వెళితే బూడిదరంగు అడవికోడి ఉంటుంది, దాని కూత వేరు. ప్రపంచమంతా పెంచుకునే కోళ్లకు ముఖ్యమైన మూలపురుషుడు ఈ ఎర్ర అడవికోడే.

దీనివల్ల మనకొక సౌకర్యం ఉంది. అడవిపెట్ట భాష నేర్చుకోవాలంటే అడవికి పోనక్కరలేదు. వేల ఏళ్లుగా మనిషి చేతికింద పెరిగినా పెరటి పెట్ట తన మాటల్ని పెద్దగా మార్చుకోలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు నికొలస్ కొలయాస్ 1987లో ఎర్ర అడవికోడి పిలుపుల్ని ధ్వనిచిత్రాలుగా గీసి, వర్గీకరించి ప్రచురించాడు. కోడిపిల్ల కిచకిచ మొదలుకుని పుంజు కూత వరకు ఇరవైకి పైగా రకాలు తేలాయి.

వాటిలో పెట్టవి కొన్ని చెబుతాను. మీ పెరట్లో పెట్ట ఉంటే పక్కన పెట్టుకుని పోల్చి చూడండి.

మొదటిది, మేతకు తిరుగుతూ లోగొంతుతో అనుకునే చిన్న చిన్న శబ్దాలు. నేనిక్కడున్నాను, మీరెక్కడున్నారు అని తోటి కోళ్లతో మాట కలపడం అది. రెండోది, పిల్లల్ని వెంటేసుకుని నడిచేటప్పుడు తెరిపి లేకుండా వచ్చే క్లుక్ క్లుక్. మూడోది, గింజో చెదపురుగో దొరికినప్పుడు వేగంగా టుక్ టుక్ టుక్ అనే పిలుపు. అది వింటే పిల్లలు ముక్కు దగ్గరికి పరుగెత్తుకొస్తాయి. నాలుగోది, గుడ్ల మీద కూర్చున్న పెట్ట దగ్గరికి చెయ్యి పోనిస్తే ఈకలు నిక్కబొడుచుకుని చేసే గుర్రు. అయిదోది, గుడ్డు పెట్టాక ఊరంతా వినబడేలా చేసే కొక్కొక్కొక్కో. ఇక మిగిలినవి ప్రమాదపు కేకలు. ఇవి రెండు జాతులు.

నేల మీద నుంచి వచ్చే శత్రువుకు, అంటే నక్కకో ముంగిసకో కుక్కకో, కట్ కట్ కట్ మంటూ తెగితెగి వచ్చే పెద్ద అరుపు. అది ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికైనా తెలుస్తుంది. నిన్ను చూసేశాను, ఇక నీ ఆట సాగదు అని శత్రువుకు కూడా చెప్పడమే దాని పని. ఆకాశం నుంచి వచ్చే గద్దకో డేగకో అరుపు వేరు. సన్నగా, సాగదీసినట్టుగా ఉండి, ఎటు నుంచి వచ్చిందో పోల్చుకోవడం కష్టం. అరిచినవాళ్ల చోటు గద్దకు తెలియకూడదు మరి.

ఈ తేడాను కోళ్లు నిజంగా గ్రహిస్తాయా, లేక మనమే ఊహించుకుంటున్నామా? 1993లో క్రిస్ ఇవాన్స్, పీటర్ మార్లర్ మొదలైనవారు ఒక పరీక్ష వివరాలు ప్రచురించారు. పుంజులు చేసిన ఈ రెండు రకాల కేకల్ని రికార్డు చేసి, ఏ శత్రువూ కనబడని చోట పెట్టలకు వినిపించారు. గద్ద కేక విన్న పెట్టలు కప్పు కిందికి పరుగెత్తాయి, ఒదిగి తల పైకెత్తి చూశాయి. నేల కేక విన్నవి మెడ నిక్కించి చుట్టూ చూశాయి. అంటే కేకలో భయం ఒక్కటే లేదు, ఎటువైపు భయపడాలో కూడా ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పిలుపుల పేర్లు నేర్చుకున్నంత మాత్రాన కోడి భాష వచ్చినట్టు కాదు. ఒకే పిలుపు ప్రతిసారీ ఒకేలా ఉండదు. మేత పిలుపు మామూలు గింజకు నిదానంగా, మంచి పురుగుకు హడావుడిగా ఉంటుంది. శత్రువు దగ్గరయ్యే కొద్దీ కేకల మధ్య ఖాళీ తగ్గుతుంది. ఒక పెట్టది బొంగురు గొంతు, మరొకదానిది సన్న గొంతు. పిల్లలు పుట్టిన కొద్దిరోజులకే తమ తల్లి గొంతును పక్క తల్లి గొంతు నుంచి వేరు చేసి గుర్తిస్తాయి. అసలు ఈ పరిచయం గుడ్డు పగలక ముందే మొదలవుతుంది. పొదుగు చివరి రోజుల్లో గుడ్డులోంచి పిల్ల కిచకిచమంటుంది, పైన కూర్చున్న తల్లి బదులు పలుకుతుంది.

తల్లికీ పిల్లకూ మధ్య ఈ ధ్వని బంధం ఎంత గట్టిదో చెప్పే పాత పరీక్ష ఒకటుంది. 1930లలో జర్మనీలో ఒక పిల్లను గాజు గంట కింద పెట్టారు. అది గిలగిలలాడుతుంటే తల్లికి కనబడుతోంది, ఏడుపు మాత్రం వినబడదు. తల్లి పట్టించుకోలేదు. తర్వాత పిల్లను అడ్డుతెర వెనక పెట్టారు. కనబడదు, ఏడుపు వినబడుతుంది. తల్లి ఈకలు విదిల్చుకుంటూ తెర మీదికి ఉరికింది. కన్నుకంటే చెవే తల్లికి పెద్ద సాక్షి.

వేటగాడు కనిపెట్టింది సరిగ్గా ఇదే.

నాకు పదేళ్లప్పుడు, చైత్రమాసంలో, మా పెదనాన్న వరసైన ఒకాయన నన్ను కొండ దిగువ పొదల్లోకి తీసుకెళ్లాడు. రెండు బొటనవేళ్ల మధ్య ఆకు పెట్టి ఊదాడు. తప్పిపోయిన కోడిపిల్ల ఏడుపులా, పైనుంచి కిందికి జారుతున్న కిచకిచ వచ్చింది. కాసేపటికి గోధుమరంగు పెట్ట ఒకటి తల దించుకుని నేరుగా ఉచ్చు మీదికి పరుగెత్తుకొచ్చింది. ఆయన నైపుణ్యానికి నేను అబ్బురపడ్డాను. సంచీ మూతి కట్టి తిరుగుముఖం పట్టాం. అప్పుడు పొదల్లోంచి ఆయన ఊదిన శబ్దమే మళ్లీ వినబడింది. ఈసారి ఊదినవాళ్లెవరూ లేరు. ఆ శబ్దం మా వెనక చాలా దూరం వచ్చింది. ఆ రాత్రి నేను కూర ముట్టలేదు. ఎందుకని మా అమ్మ అడిగితే కడుపునొప్పి అని అబద్ధం చెప్పాను.

ఇలాంటి విద్య మన దగ్గరే లేదు. కౌజుపిట్టను పంజరంలో పెట్టి దీమంగా వాడి, దాని పిలుపుకు వచ్చిన అడవి కౌజుల్ని పట్టడం తెలుగునాట పాత అలవాటు. అమెరికాలో అయితే అడవి టర్కీకోడి వేట పెద్ద వ్యాపకం. వసంతంలో పెట్ట అరుపును చెక్కపెట్టెతోనో, పలకరాయి మీద పుల్ల రాసో, నోట్లో పల్చటి పొర పెట్టుకునో అనుకరించి మగపక్షిని రప్పిస్తారు. అక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్లు తమ అరుపు తప్పుగా ఉందేమోనని బెంగపడుతుంటారు. అనుభవజ్ఞులు చెప్పేదొకటే: నిజమైన పెట్టల గొంతులే ఒకదానికొకటి పోలవు, కొన్ని పెట్టలు మనిషి ఊదినదానికన్నా వికారంగా అరుస్తాయి. చూసుకోవలసినవి వేగం, విరామం, సందర్భం. నెమ్మదిగా మేసే పెట్ట గొంతుకూ, బెదిరిన పెట్ట గొంతుకూ తేడా తెలియనివాడు పక్షిని తరిమేస్తాడు. ఇంకొక హెచ్చరిక కూడా చేస్తారు. పెట్ట అరుపు వినబడిందని తుపాకీతో పొదల వైపు పాకిపోకండి, అక్కడ ఉన్నది మరో వేటగాడు కావచ్చు అని. అనుకరణ అంత బాగా కుదిరితే మనిషికీ ప్రమాదమే.

ఇంకో సంగతి గమనించండి. అక్కడ చాలా రాష్ట్రాల్లో వసంతకాలపు వేట మగపక్షులకే పరిమితం. పొదిగేదీ, పిల్లల్ని నడిపేదీ పెట్ట ఒక్కతే కాబట్టి దాన్ని వదిలేస్తారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లకు ఆ జాతి దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. తర్వాత వేట నియమాల వల్లా, 1937 చట్టంతో తుపాకులు, తూటాల మీద వసూలైన పన్ను డబ్బు వల్లా, ఉన్నచోటి నుంచి పక్షుల్ని పట్టి లేనిచోట వదలడం వల్లా మళ్లీ లక్షల్లోకి పెరిగింది. పెట్టను కాపాడితేనే మంద నిలుస్తుందని వేటగాళ్లే ఒప్పుకున్నారన్నమాట.

మన దేశం మరో దారి పట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ వేటను మూసివేశాయి. ఉచ్చు పెట్టడం, గూడు పాడుచెయ్యడం, గుడ్లు తీయడం కూడా చట్టం దృష్టిలో వేటే. చట్టం అలా ఉంచి, కాలం లెక్క చూడండి. మన వైపు అడవికోడి ఎక్కువగా పొదిగేది మార్చి నుంచి మే దాకా. కొరాపుట్ వైపు చైత పర్వానికీ, విశాఖ మన్యంలో ఇటుకల పండగకూ మగవాళ్లు వేటకు పోయే ఆచారం ఉన్నదీ చైత్రంలోనే. ఆ ఆచారాన్ని నేను చులకన చెయ్యను. అడవిని మనకన్నా బాగా ఎరిగినవాళ్లది అది. కానీ ఆ నెలలో దొరికిన ఒక్క పెట్ట వెనక అయిదారు గుడ్లో పిల్లలో ఉంటాయి. ఆ లెక్క సంచీలో కనబడదు.

మరి వేటగాడి చెవి వృథాయేనా? కాదు. ఖుర్దా జిల్లాలో చిలికా ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు నీటిపక్షుల్ని చంపి అమ్మిన మనుషులే 2000 ప్రాంతంలో సంఘం కట్టి పక్షులకు కాపలాదారులయ్యారు. ఇప్పుడు పడవల్లో యాత్రికుల్ని తిప్పుతూ పక్షుల్ని చూపిస్తున్నారు. ఏ పక్షి ఎక్కడ దాగుతుందో, ఎలా పలుకుతుందో వాళ్లకు వేటే నేర్పింది. విద్య అదే, వాడకం మారింది. మన కొండల్లోనూ పిలుపును బట్టి అడవికోళ్లను లెక్కించాలంటే పాత వేటగాడిని మించిన గురువు దొరకడు.

మీరు కొండదారిన వెళ్లేటప్పుడు నాలుగు మాటలు గుర్తుంచుకోండి. కట్ కట్ మని పెట్ట అరిస్తే, అది చూసిన శత్రువు మీరే కావచ్చు. ఆగి, రెండడుగులు వెనక్కి వెయ్యండి. పిల్లలు ఆకుల్లో కదలకుండా నక్కి ఉంటే తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తేకండి. మీరు కదిలిపోతే తల్లి క్లుక్ మంటుంది, అవి లేచి చేరతాయి. కుక్కను వదలకండి. ఊరి పుంజుల్ని అడవి అంచున వదిలేయకండి. రోగాలు అంటుకోవచ్చు, సంకరమై అసలు జాతి పలచబడుతుంది.

నేను బడిలో పిల్లలకు ఒక పని ఇస్తుంటాను, మీకూ ఇస్తున్నాను. వారం రోజులు మీ పెరటి పెట్టనో, పొరుగువారి పెట్టనో వినండి. ఏ గొంతుకు పిల్లలు పరుగెత్తాయి, ఏ గొంతుకు నక్కాయి, తలుపు చాటు నుంచి వింటే ఏం జరుగుతోందో చెప్పగలరా అని రాసుకోండి. వారం గడిచేసరికి చూడకుండానే కొన్నయినా చెప్పగలుగుతారు. ఆ తర్వాత ఎప్పుడైనా కొండ దిగువన పొదల్లోంచి క్లుక్ మన్న శబ్దం వినబడితే, మీరు బదులు పలకనక్కరలేదు. ఆ పిలుపు మనకోసం కాదు. అది ఎవరికోసమో వాళ్లను చేరనిస్తే చాలు.