మీకు తెలుసా? కొరమీనుకు ఖరీదైన రాడ్ అక్కర్లేదు

అశోక్ నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదివే ఎవరిని అడిగినా తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను అని ఠక్కున చెబుతారు. అమెరికాలో బాస్ చేప కోసం వాడే రాడ్, రీలు ఈ కొరమీనుకూ చక్కగా పనికొస్తాయని మాత్రం తక్కువమందికి తెలుసు. బాస్ మన చెరువుల చేప కాదు. కానీ వేటాడే తీరులో రెండూ ఒకటే. నాచు చాటున, తామరాకుల కింద పొంచి ఉండి, దగ్గరికొచ్చిన కప్పనో చిరుచేపనో ఒక్క ఉదుటున అందుకుంటాయి. పైగా కొరమీను గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రాక తప్పదు. అందుకే నీటిమీద తేలుతూ కదిలే రబ్బరు కప్ప దానికి మంచి ఎర.

ఆ రాడ్, రీలు ఖరీదైనవే కానక్కర్లేదు. 1932 జూన్ 2న అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ అనే యువరైతు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. అంటే పది కిలోల పైమాటే! ఆయన రాడ్, రీలు ఖరీదు రెండూ కలిపి 1.33 డాలర్లని చెబుతారు. అది ప్రపంచ రికార్డు, దాన్ని అందుకోవడానికి 77 ఏళ్లు పట్టింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా ఆ రికార్డును సమం చేశాడు.

మన చెరువుల్లో రాడ్‌తో చేపలు పట్టడమూ ఇప్పటి ముచ్చట కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ అనే అధికారి భారతదేశపు చెరువుల్లో గాలం వేయడం మీదే 1887లో ఒక పుస్తకం వేశాడు.

ఇక కొనే సంగతి. రీళ్లలో మొదట స్పిన్నింగ్ రీలే తీసుకోండి. 1905లో దీనికి పేటెంటు పొందిన ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఇంగ్లండ్‌లోని బట్టల మిల్లుల కుటుంబానికి చెందినవాడు. మిల్లు కండె నుంచి నూలు జారినట్టే ఇందులో దారం కదలని చుట్ట అంచు మీదుగా జారిపోతుంది. బెయిట్‌కాస్టింగ్ రీలులో చుట్టే తిరుగుతుంది. విసిరినప్పుడు బొటనవేలితో అదుపు చేయడం రాకపోతే దారం చిక్కుల కుప్ప అవుతుంది. దాన్ని తర్వాత నేర్చుకోవచ్చు.

సైజు 2500 లేదా 3000 చాలు. బేరింగుల సంఖ్య చూసి మోసపోకండి, ఎక్కువ బేరింగులున్నంత మాత్రాన మంచి రీలు కాదు. అంగట్లోనే హ్యాండిల్ తిప్పి చూడండి. గరగరలాడకూడదు, వెనక్కి తిరగకూడదు. డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు) కొంచెం బిగించి దారం లాగితే కుదుపు లేకుండా రావాలి. ఈ ఒక్క పరీక్షకు తట్టుకోని రీలు ఎంత చవకైనా వద్దు.

రాడ్ ఆరున్నర నుంచి ఏడడుగులు, మీడియం బలం. రెండు ముక్కలుగా విడిపోయేదైతే హాస్టల్ గది మూలన నిలుస్తుంది, బైకు మీదా వస్తుంది. ఎంత బరువు ఎర విసరవచ్చో రాడ్ మొదట్లోనే గ్రాముల్లోనో ఔన్సుల్లోనో రాసి ఉంటుంది, తప్పక చదవండి. దారం వెళ్లే రింగుల లోపల చిన్న దూదిపింజ తిప్పండి. అది చిక్కుకుంటే అక్కడ పగులున్నట్టే, ఆ పగులు దారాన్ని కోసేస్తుంది. ఫైబర్‌గ్లాస్ కాస్త బరువైనా మొరటుతనానికి తట్టుకుంటుంది కాబట్టి కొత్తవారికి అదే నయం.

కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పారుతుందని తెలుసా? మన చెరువుల పక్కన వ్యవసాయ మోటార్ల తీగలు కిందికి వేలాడుతుంటాయి. వాటి కింద రాడ్ నిలబెట్టి నడవడం ప్రాణాంతకం. తీగలు కనిపిస్తే రాడ్ విప్పేసి, అడ్డంగా పట్టుకుని దాటండి.

రాడ్, రీలులో మిగిల్చిన డబ్బు దారం మీద పెట్టండి. తేటనీళ్లకు పది పౌండ్ల బరువు ఆపే నైలాన్ సరిపోతుంది. నాచులోంచి కొరమీనును లాగాలంటే ఇరవై నుంచి ముప్పై పౌండ్ల అల్లిక దారం కావాలి. నైలాన్ దారమైతే అది తెగే బరువులో మూడో వంతుకు మించకుండా డ్రాగ్ పెట్టుకోవాలి. పది పౌండ్ల దారానికి అది సుమారు కిలోన్నర. చుట్టను అంచు దాకా నింపకండి, రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి.

గాలం కట్టకుండా చిన్న బరువు కట్టి, తెల్లవారుజామున మనుషుల్లేని మైదానంలో విసరడం నేర్చుకోండి. చెరువుకు వెళ్లేముందు అక్కడి మత్స్యకారుల సహకార సంఘాన్ని అడగండి. చాలా చెరువుల్లో చేపల మీద హక్కు వారిది, ఆ చేపలే వారి తిండి.

ఒక్క విన్నపం. వానకాలంలో ఎర్రెర్రని పిల్లల గుంపు నీటిపై కదులుతూ కనిపిస్తే, కింద తల్లీతండ్రీ కొరమీనులు కాపలా ఉన్నట్టే. పిల్లలకు ముప్పు అనుకుని అవి దేన్నైనా కరుస్తాయి కాబట్టి అప్పుడు పట్టడం చాలా తేలిక. వాటిని పట్టేస్తే పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. అక్కడ మాత్రం గాలం వేయకండి.