మీకు తెలుసా? లాలీపాప్ పాట పాడిన పిల్ల సింగపూర్‌లో కాపురమున్న కథ

● రెగే సంగీతానికి అక్క వరస అనదగ్గ 'స్కా'ను ప్రపంచానికి పరిచయం చేసిన జమైకా గాయని మిల్లీ స్మాల్ 1971 నుంచి 1973 వరకు సింగపూర్‌లోనే ఉంది.

● ఆమె 1947 అక్టోబర్ 6న జమైకాలోని క్లారెండన్‌లో పుట్టింది. తండ్రి చెరకు తోటల్లో కూలీల పని అజమాయిషీ చేసేవాడు. పన్నెండేళ్లకే పాటల పోటీలో బహుమతి గెలిచింది.

● 1963లో రికార్డు సంస్థ నడిపే క్రిస్ బ్లాక్‌వెల్ ఆమెకు సంరక్షకుడిగా ఉండి లండన్ తీసుకెళ్లాడు. మరుసటి ఏడాది వచ్చిన 'మై బాయ్ లాలీపాప్' బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ పాటల జాబితాల్లో రెండో స్థానానికి ఎక్కింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు!

● ఆ పాట నిజానికి ఆమెది కాదు. 1956లో బార్బీ గే అనే అమెరికన్ అమ్మాయి పాడింది. గిటార్ విద్వాంసుడు ఎర్నెస్ట్ రాంగ్లిన్ దానికి స్కా నడక తొడిగాడు.

● స్కాలో గిటార్ తాళపు దెబ్బ మీద కాకుండా దెబ్బకూ దెబ్బకూ నడుమ మోగుతుంది. ఆ నడకే నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది. 1968 నాటికి రెగేగా స్థిరపడింది.

● ముద్దు గొంతుతో పాడిన ఆ పిల్లే 1970లో 'ఈనాక్ పవర్' పాడింది. వలస వచ్చినవాళ్లకు వ్యతిరేకంగా ప్రసంగించిన బ్రిటిష్ నాయకుడు ఈనాక్ పవెల్‌కు అది పాటతో ఇచ్చిన జవాబు. ఆ మరుసటి ఏడాదే ఆమె సింగపూర్ చేరింది.

● అవి సింగపూర్‌లో మగవాళ్ల పొడవాటి జుట్టు మీద ఆంక్షలున్న రోజులు. 1972లో లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బృందం కచేరీ ఆ కారణంగానే ఆగిపోయింది.

● లండన్ తిరిగొచ్చాక ఆమె పాటలు రాస్తూ, బొమ్మలు వేస్తూ గడిపింది. చేతిలో పైసా లేక పసిబిడ్డతో హాస్టల్‌లో తలదాచుకున్న రోజులూ ఉన్నాయని 1987లో ఆమే చెప్పింది. లక్షల రికార్డులు అమ్ముడైన గొంతుకు ఈ గతి పట్టడం గుండెను మెలిపెడుతుంది.

● లాలీపాప్ పాట తెచ్చిన పేరు బ్లాక్‌వెల్‌కు ఊతమైంది. తర్వాత ఆయన సంస్థ ఐలాండ్ రికార్డ్స్ ద్వారానే రెగే గాయకుడు బాబ్ మార్లే ప్రపంచానికి చేరాడు.

● జమైకా ఆమెను 2011లో జాతీయ పురస్కారంతో గౌరవించింది. పాట వచ్చిన 47 ఏళ్లకు! 2020 మే 5న, 72 ఏళ్ల వయసులో, లండన్‌లో మిల్లీ కన్నుమూసింది. మార్లే నడిచిన దారిలో మొదటి అడుగు ఈ పిల్లదే.