పెళ్లి వీడియోలో పెళ్లేదీ?

క్యాసెట్లోని పెళ్లినో, పాపాయి మొదటి పుట్టినరోజునో కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కర్లేనివి కత్తిరించి, ఓ పాట కలిపి... 2000లో విండోస్ ఎంఈతో వచ్చిన మూవీ మేకర్ ఇంట్లోవాళ్లనే ఎడిటర్లను చేసేసింది. చిక్కల్లా 'సేవ్' దగ్గరే. 'సేవ్ ప్రాజెక్ట్' నొక్కితే తయారయ్యే ఫైల్లో వీడియో ఉండదు. ఏ ముక్క ఎక్కడుందో, ఏది ముందో వెనకో రాసుకున్న చిట్టా అది. వంటల పేజీలో తయారీ విధానం లాంటిదన్నమాట!

ఆ సంగతి తెలియక, గంటకి సుమారు 13 జీబీ మింగే డిజిటల్ క్యాసెట్ వీడియోని చోటు కోసం చెరిపేసినవాళ్లకు మిగిలినవి ఎర్ర ఇంటు గుర్తులే. మూవీగా కూడా సేవ్ చేసుకున్నవాళ్ల డబ్ల్యూఎంవీ ఫైళ్లు మాత్రం వీఎల్‌సీ ప్లేయర్లో ఇప్పటికీ ఆడతాయి. మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో మూవీ మేకర్‌కి స్వస్తి చెప్పింది. మీ పాత సీడీలో ఎంఎస్‌డబ్ల్యూఎంఎం ఫైలొక్కటే ఉందా? అయితే ముందు అటకెక్కి అసలు క్యాసెట్ కోసం వెతకండి.